పురుటి వార్డులో వావిలి వాసన

నందిగామ జీవధార ఆస్పత్రి ఆఫీసు గదిలో బ్లీచింగ్ పౌడరు ఘాటుకి నా కళ్ళు ధారగా కారుతున్నాయి. ఎదురుగా స్టూలు మీద కూర్చున్న నర్సు ప్రేమకుమారి కళ్ళు కూడా కారుతున్నాయి గాని, వాటికి పౌడరుతో పని లేదు. సాయంత్రానికల్లా ఆమె ఉద్యోగం ఊడబోతోంది. మా డిటెక్టివ్ భవానీప్రసాద్ మాత్రం కిటికీ గూట్లోకి ఎక్కి కూర్చుని తాపీగా రసం మామిడిపండు పిసుక్కుంటున్నాడు.

ఆ మనిషి పద్ధతే అంత. జగ్గయ్యపేటలో నాలుగు జతల ఎడ్లున్న ఇంట్లో పుట్టి, మద్రాసులో లా చదువు సగంలో వదిలేసి వచ్చి, వీధరుగు మీద 'ప్రైవేట్ డిటెక్టివ్' అని బోర్డు కట్టాడు. వాళ్ళ నాన్నగారు ఆ బోర్డు నలుగురికీ కనబడకుండా దానికి అడ్డంగా జొన్న చొప్ప వేయించారు. నా పేరు సాంబయ్య. లక్షణమైన ఎలిమెంటరీ స్కూలు పంతులుద్యోగం వదులుకుని ఆయన దగ్గర అసిస్టెంటుగా చేరాను. ఎందుకు చేరానని మా ఆవిడ ఇప్పటికీ అడుగుతుంది. ఇంతవరకూ మేము పట్టుకున్నవాళ్ళలో పెద్ద నేరస్థుడు వేదాద్రి తిరునాళ్ళలో గేదెల్ని మాయం చేసినవాడు. ఇప్పుడు పట్టుకోవలసింది జ్వరాన్ని. దానికి బేడీలు ఎలా వేస్తారో నాకు తెలియదు. అంటుకుంటుందని మాత్రం బాగా తెలుసు. అందుకే బస్సు దిగినప్పటి నుంచీ జేబురుమాలు ముక్కుకి అదిమి పట్టుకునే ఉన్నాను.

ఆ 1957 వేసవిలో, మద్రాసు రేవులో దిగిందని పేపర్లు రాసిన ఫ్లూ జ్వరం రైలెక్కి బస్సెక్కి మా మెట్ట ఊళ్ళ దాకా వచ్చేసింది. ఆస్పత్రి పెద్ద డాక్టరు జ్ఞానయ్యగారు చేతులు ముడుచుకు కూర్చోలేదు. జ్వరం వచ్చినవాళ్ళని వెనకవైపు పాత బడి షెడ్డులోకి మార్చారు. మంచాలు ఎడంగా వేయించి, కిటికీలన్నీ బార్లా తెరిపించారు. నర్సులు నాలుగు పొరల గాజుగుడ్డ ముక్కుకీ నోటికీ కట్టుకోవాలి. వాడిన గుడ్డ ఉడకబెట్టాలి. ఒక రోగిని ముట్టుకుంటే, ఇంకో రోగి దగ్గరికి పోయేముందు సబ్బుతో చేతులు కడుక్కోవాలి. జ్వరం వార్డులో చేసే నర్సు పురుటి వార్డు గడప తొక్కకూడదు. ఇన్ని చేసినా పురుటి వార్డులో ముగ్గురు బాలింతలకి జ్వరం తగిలింది. పసివాళ్ళకి ఇంకా ఏమీ కాలేదు. కాకూడదని ఆస్పత్రంతా పొద్దునా సాయంత్రం ప్రార్థన చేస్తోంది.

ప్రేమకుమారి చేసిన పాపమల్లా, మొన్నటిదాకా జ్వరం వార్డులో పనిచేసి, పురుటి వార్డు నర్సు బేబి సెలవు పెట్టి వెళ్ళడంతో ఆ చోటికి రావడమే. ఆమె వచ్చిన వారంలోనే జ్వరమూ వచ్చింది. ఆస్పత్రి కమిటీవాళ్ళు శానిటరీ ఇన్‌స్పెక్టరు వీరరాఘవయ్యను పిలిచి రిపోర్టు అడిగారు. ఆయన ఒక్క చూపులో తేల్చేశాడు. నర్సే తెచ్చి అంటించింది, ఆమెను తీసెయ్యాలి, పురుటి వార్డు మూసెయ్యాలి. సాయంత్రం ఆ రిపోర్టు కమిటీ చేతికి అందుతుంది. వార్డులో నొప్పులు మొదలైన మనిషి ఒకామె ఉంది. వార్డు మూస్తే ఆమెను బండెక్కించి ఎక్కడికి పంపాలో ఎవరూ చెప్పడం లేదు. జ్ఞానయ్యగారికి నమ్మకం కుదరక మాకు కబురు పెట్టారు.

ప్రసాద్ టెంక కిటికీ అవతలికి విసిరి, ఇటు వచ్చేముందు ఏమేం చేశావని ప్రేమకుమారిని అడిగాడు. డాక్టరుగారు చెప్పినట్టు కొన్నాళ్ళు విడిగా ఉండి, తలంటు పోసుకుని, ఉతికిన బట్టలతోనే వార్డులో అడుగు పెట్టానని ఆమె చెప్పింది. ఇప్పటిదాకా ఒక్క తుమ్ము కూడా రాలేదట. తండ్రి ఇశ్రాయేలు చందర్లపాడులో కూలి చేసి చదివించాడట. ఆ మాట చెబుతూ స్టూలు మీంచి లేచింది.

"ఉద్యోగం పోతే పోయింది సార్. బాలింతలకి జ్వరం అంటించిన నర్సని పేరొస్తే ఇంక ఏ ఆస్పత్రి మెట్లెక్కను? మా నాన్నకి ఏ మొహంతో చెప్పను?"

రుమాలు తీసి ఆమెకు ఇద్దామనుకున్నాను గాని, ఇస్తే నా ముక్కు సంగతేమిటన్న భయం కూడా వేసింది. సిగ్గుగానే ఉంది, ఇవ్వలేదు.

"వార్డులో బాలింతలు ఎంతమంది?" అన్నాడు ప్రసాద్.

"ఐదుగురండి. చందర్లపాడు, రెడ్డిగూడెం, వేదాద్రి వాళ్ళు ముగ్గురికీ జ్వరం. ఈ ఊరివాళ్ళు ఇద్దరు బానే ఉన్నారు."

"ఐదుగురినీ చూసేది నువ్వేనా?"

"నేనేనండి."

"బాగున్న ఇద్దరికీ తిండి ఎక్కణ్ణించి వస్తుంది?"

ఆమె కళ్ళు తుడుచుకుని, ఇదేం ప్రశ్న అన్నట్టు చూసింది. వాళ్ళకి ఇంటి నుంచి క్యారేజీలు వస్తాయనీ, పొరుగూళ్ళ వాళ్ళకి మాత్రం తోడొచ్చిన ఆడవాళ్ళు ఇక్కడే వంటసాలలో వండి పెడతారనీ చెప్పింది. ప్రసాద్ కిటికీ గూట్లోంచి కిందికి దూకాడు. ఆయన అలా దూకాడంటే ఎవరికో మూడిందన్నమాట.

అప్పుడే తలుపు తోసుకుని వీరరాఘవయ్య వచ్చాడు. కాకీ నిక్కరు, మోకాళ్ళ దాకా మేజోళ్ళు, నల్ల బూట్లు, ఆ బూట్ల నిండా తెల్లటి బ్లీచింగ్ పౌడరు. ఎప్పుడూ పైకి మెలితిరిగి ఉండే మీసాలు ఎందుకో కిందికి వాలిపోయి ఉన్నాయి. మమ్మల్ని చూసి ఒక నవ్వు నవ్వాడు.

"గేదెల డిటెక్టివ్ గారా. ఇక్కడ గేదెలు లేవే."

"జ్వరమూ గేదెలాంటిదేనండి, ఎటు నడిచినా జాడ వదుల్తుంది. చూసుకుంటూ పోతే కొట్టం దొరక్కపోదు," అన్నాడు ప్రసాద్ చేతులు తుడుచుకుంటూ.

"జాడ నేను చూసేసా. జ్వరం వార్డులోంచి ఈ అమ్మాయి వచ్చింది, వెనకాలే జ్వరం వచ్చింది. ఇందులో మీరు కనిపెట్టేదేముంది?"

"ఐదుగురినీ ఒకే చేత్తో చూసిన మనిషి పల్లెటూరి వాళ్ళకి అంటించి ఈ ఊరివాళ్ళని వదిలేసిందంటారు. జ్వరానికి బస్సులో వచ్చినవాళ్ళంటేనే ఇష్టమా?"

ఇన్‌స్పెక్టరు మొహం గంటు పెట్టుకున్నాడు. ఈ ఊరివాళ్ళు పాలూ నెయ్యీ తింటారు కాబట్టి బలంగా ఉంటారన్నాడు. వెనకాలే వచ్చిన జ్ఞానయ్యగారు, బాగున్న ఇద్దరిలో ఒకామె పూచికపుల్లలా ఉందనీ, ఆమెకు రక్తం పట్టడానికి మందు ఇస్తున్నది తానేననీ మెల్లిగా గుర్తు చేశారు. దాంతో వీరరాఘవయ్య ఒంటికాలి మీద లేచాడు. చదువు సగంలో వదిలేసినవాళ్ళకీ, బడి వదిలేసినవాళ్ళకీ తను జవాబు చెప్పుకోనక్కర్లేదన్నాడు. రెండో మాట నన్ను ఉద్దేశించినది. అతను గుమ్మం దాటుతూ రెండుసార్లు గట్టిగా దగ్గి, పౌడరు ఘాటని తనే సర్దిచెప్పుకున్నాడు.

ప్రసాద్ గాలి పీల్చి, "ఏం వాసన సాంబయ్యా?" అని అడిగాడు. నా ముక్కు మూసి ఉందని చెప్పాను. అసిస్టెంటుకి ఉండవలసిన ఒక్కగానొక్క పనిముట్టునీ మూటగట్టి పెట్టుకున్నావని విసుక్కున్నాడు.

పురుటి వార్డులోకి వెళ్ళేముందు ప్రేమకుమారి మా ఇద్దరికీ శుభ్రమైన గుడ్డలు కట్టి, సబ్బుతో చేతులు కడిగించింది. నా రుమాలు జేబులో పెట్టుకోబోతే, దాన్ని ఉడకబెట్టే గిన్నెలో వేయించింది. జబ్బు మనుషులు మూలుగుతూ పడుకున్నారు. చందర్లపాడు బాలింత పక్కన ఆమె అత్తగారు పున్నమ్మ విసనకర్రతో విసురుతోంది. నిండైన మనిషి, పొలం పుట్రా ఉన్న ఇల్లని చెవుల కమ్మలే చెబుతున్నాయి. రవికె పొడిగానే ఉంది. మొహం మాత్రం ఉడికినట్టు ఎర్రగా ఉంది, నుదుటి మీది జుట్టు తడిసి అతుక్కుపోయి ఉంది. దగ్గరికి పోగానే, ముక్కుకి గుడ్డ ఉన్నా, నాకు కూడా తెలిసింది. వావిలాకు వాసన.

"పిన్నిగారూ, వావిలాకు ఎందుకు కాచారు?" అన్నాడు ప్రసాద్ మంచం పక్కన గొంతుక్కూర్చుని.

"కోడలి స్నానానికి నాయనా. బాలింతకి వావిలాకు నీళ్ళు పొయ్యకపోతే ఒళ్ళు ఎట్లా కుదుటపడుద్ది?"

ప్రసాద్ ప్రేమకుమారి వైపు చూశాడు. జ్వరం తగిలినప్పటి నుంచీ తడిగుడ్డతో తుడవడమే తప్ప స్నానం లేదని ఆమె చెప్పింది. పున్నమ్మ విసనకర్ర ఇంకా గట్టిగా ఊపింది.

"మీకు జలుబు కోడలికంటే ముందు చేసిందా, తరవాతా?"

"ముందే," అనేసి, ఆమె చప్పున చెంగు నోటికి అడ్డం పెట్టుకుంది. తరవాత గొంతు తగ్గించి, "డాక్టరు బాబుకి చెప్పమాక నాయనా. నన్ను బయటికి పంపిస్తే ఈ పిల్లని ఎవరు చూస్తారు? చంటిదాన్ని ఎవరు ఎత్తుకుంటారు?" అంది. ఆ కళ్ళల్లో ఉన్నది దొంగతనం కాదు, బెంగ. ప్రసాద్ ఇంక ఆమెను ఏమీ అడగలేదు.

అక్కణ్ణించి తిన్నగా వెనక వంటసాలకి పోయాము. పెంకులు కప్పిన బారుపాక అది. జ్ఞానయ్యగారు దానిక్కూడా కట్టుదిట్టం చేశారు. మధ్యలో నేల మీద సున్నంతో గీత గీయించారు. జ్వరం వార్డువాళ్ళ పొయ్యిలు అటు, పురుటి వార్డువాళ్ళ పొయ్యిలు ఇటు. గీత దాటి ఎవరూ రాకూడదని హుకుం. ఆ గీతను చూసి నాకు ముచ్చటేసింది. చూశావా, ఎంత పద్ధతిగా ఉన్నారో అన్నాను.

"పద్ధతిగానే ఉన్నారు. ఆ కాగు ఎక్కడుందో చూడు," అన్నాడు ప్రసాద్.

పెద్ద ఇత్తడి కాగు సరిగ్గా సున్నపు గీత మీదనే ఉంది. దాని చుట్టూ గుండ్రంగా పీటలు, సగం అటు, సగం ఇటు. పక్కన వావిలి రెమ్మల మోడులు గుట్టగా పడి ఉన్నాయి. దండెం మీద పెద్ద గొర్రెబొచ్చు గొంగళి ఆరేసి ఉంది. ప్రసాద్ దాన్ని కర్రతో విప్పి చూపించాడు. అంచులు పొడిగా ఉన్నాయి, నడిమధ్య మాత్రం చెమ్మగా ఉంది. ఎవరి తలలు ఎక్కడ ఉన్నాయో ఆ చెమ్మే చెబుతోందన్నాడు. పీటల్లో ఒకదాని దగ్గర తెల్లటి పౌడరు రాలి ఉంటే దాని వైపు చాలాసేపు చూశాడు. ఆస్పత్రంతా ఆ పౌడరే ఉంటే ఇక్కడ ఉండడంలో వింతేమిటన్నాను. ఆయన నవ్వి, కర్ర గోడకి ఆనించాడు. నాకు ఒళ్ళు మండింది. పైగా భోజనాల వేళ దాటిపోతోంది, హోటల్లో పప్పుచారు అయిపోతుందన్న బాధ ఒకటి.

డాక్టరుగారు మధ్యాహ్నం ఏం చేస్తారని ప్రసాద్ వాకబు చేశాడు. భోంచేసి కాస్సేపు నడుం వాలుస్తారని ప్రేమకుమారి చెప్పింది. ప్రసాద్ ఆయన్ని వెతుక్కుంటూ వెళ్ళి, ఈ ఒక్కరోజుకీ ఆ నిద్ర మానుకొమ్మని బతిమాలాడు. అలవాటుగా పడుకోవడానికి పోయినట్టే గదిలోకి వెళ్ళి, వెనక తలుపు లోంచి బయటికి రావాలని చెప్పాడు. పెద్దాయన చిన్నపిల్లవాడిలా సరదాపడి ఒప్పుకున్నారు.

మేము నలుగురమూ చెప్పులు చేత్తో పట్టుకుని వంటసాలలో అడుగు పెట్టేసరికి, దండెం మీద గొంగళి లేదు. అది కాగు చుట్టూ గోపురంలా లేచి నిలబడి ఉంది. అంచుల కింద నుంచి ఆవిరి పాక్కుంటూ వస్తోంది. లోపల్నుంచి దగ్గులూ, చీదుళ్ళూ, మధ్యమధ్య నవ్వులూ. "కదలమాకండే, ఆవిరి పోద్ది. మళ్ళీ కాచాలంటే ఆకు ఏడుంది?" అని పున్నమ్మ గొంతు గదమాయిస్తోంది. బయటికి పోయిన ఆవిరి మందుకి పనికిరాదని వాళ్ళ లెక్క. అందుకని మూత తీయగానే అటువాళ్ళూ ఇటువాళ్ళూ అందరూ ఒక్కసారే దూరిపోవాలి.

గొంగళి అంచు కింద కాళ్ళు కనబడుతున్నాయి. మెట్టెలున్న కాళ్ళు, కడియాలున్న కాళ్ళు, మడమలు పగిలిన కాళ్ళు. వాటి మధ్య ఒక జత నల్ల బూట్లు, వాటి నిండా తెల్లటి పౌడరు. నేను నోరు తెరవబోతే ప్రసాద్ నా భుజం నొక్కాడు. వంగి, ఎంతో మర్యాదగా ఆ బూట్లతో మాట్లాడాడు.

"ఇన్‌స్పెక్టరు గారూ, రిపోర్టు లోపలే రాస్తున్నారా?"

లోపల నవ్వులు ఆగిపోయాయి. గొంగళి ఒక్కసారి ఊగింది. ఆ తరవాత దాన్ని తొలగించుకుని ఒక్కొక్కరే బయటపడ్డారు. పున్నమ్మ, వేదాద్రి బాలింత తల్లి పుల్లమ్మ, రెడ్డిగూడెం బాలింత మేనత్త, జ్వరం వార్డులో కొడుకును చూసుకుంటున్న సుబ్బమ్మ. చివరికి వీరరాఘవయ్య. చొక్కా బొత్తాలు ఊడదీసుకుని, మీసాల నుంచి నీళ్ళు కారుతూ, ఉడికిన చేమదుంపలా నిలబడ్డాడు. జ్ఞానయ్యగారు నవ్వు ఆపుకోలేక అటు తిరిగారు. ప్రేమకుమారి ఆ పూట మొదటిసారి నవ్వింది.

ఆ తరవాత వివరాలు వాటంతటవే వచ్చాయి. పున్నమ్మది ఇన్‌స్పెక్టరుగారి భార్య పుట్టిన ఊరు. వరసకి అల్లుడని, రోజూ జ్వరాల మధ్య తిరుగుతున్నాడని, ఒకనాడు జాలిపడి కూర్చోబెట్టింది. హాయిగా ఉండడంతో ఆయన రోజూ వేళకి తప్పకుండా రావడం మొదలుపెట్టాడు. నాటుమందు చేసినవాళ్ళని బయటికి పంపుతానని డాక్టరుగారు ఆడవాళ్ళని బెదిరించి ఉన్నారు గనక, అందరూ కలిసి నోరు కుట్టేసుకున్నారు.

"ఆవిరి పడితే తప్పేంటండి? జ్వరం రాకుండా కదా పడుతున్నాం," అన్నాడు వీరరాఘవయ్య, చొక్కా బొత్తాలు పెట్టుకుంటూ.

"ఆవిరి జోలికి నేను రావట్లేదు," అన్నాడు ప్రసాద్. "కొడుకు పక్కన పడుకుని జ్వరం గాలి పీల్చిన సుబ్బమ్మ గారు గొంగట్లో దగ్గుతారు. ఆ దగ్గు పున్నమ్మ గారు పీలుస్తారు. ఆవిడ వెళ్ళి కోడల్ని ఒళ్ళో పెట్టుకుని గంజి తాగిస్తారు. సున్నం గీత నేల మీదే ఉంది, గొంగట్లో లేదు. క్యారేజీ వచ్చే ఇళ్ళవాళ్ళు ఈ పాకలోకి రారు, అందుకే వాళ్ళ ఆడపిల్లలు బాగున్నారు."

పున్నమ్మ పీట మీద కూలబడిపోయింది. "నా కోడలికి నేనే అంటించానా," అని తల పట్టుకుని ఏడ్చింది. ప్రేమకుమారి ఆమెకు ముందు ముక్కుగుడ్డ కట్టి, తరవాత పక్కన కూర్చుని భుజం నిమిరింది. జ్వరం తగ్గుముఖం పట్టిందనీ, పిల్ల పాలు బాగానే తాగుతోందనీ చెప్పింది. నాకు కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి, ఈసారి పౌడరు మీద నెడదామన్నా అక్కడున్నది ఇన్‌స్పెక్టరు బూట్లకి అంటినంత పౌడరే.

జ్ఞానయ్యగారు సుబ్బమ్మ మీద విరుచుకుపడబోతే ప్రసాద్ అడ్డం వెళ్ళాడు. మీరు తరిమేస్తానని భయపెట్టబట్టే వాళ్ళు పొద్దున మీరు ప్రార్థనలో ఉన్న వేళా, మధ్యాహ్నం నిద్రపోయే వేళా చూసుకున్నారు, మీ కళ్ళెదుట పట్టి ఉంటే మొదటిరోజే మీరు విడదీసేవారు కాదా అన్నాడు. పెద్దాయన కాస్సేపు గడ్డం గోక్కుని, నిజమేనన్నారు. అప్పటికప్పుడే కొత్త కట్టడి చేశారు. ఆవిరి పట్టుకునేవాళ్ళు ఎవరి కుండ వాళ్ళు, ఎవరి దుప్పటి వాళ్ళు తెచ్చుకుని ఆరుబయట ఎడంగా కూర్చోవాలి. తోడొచ్చిన ఆడవాళ్ళు కూడా నర్సుల్లాగే ముక్కుకి గుడ్డ కట్టుకోవాలి, చేతులు కడుక్కోవాలి. దగ్గూ జలుబూ ఉన్నవాళ్ళు దాచకుండా చెబితే బయటికి పంపకుండా వేరే గది ఇస్తారు, వాళ్ళ మనిషిని అందాకా నర్సులే చూసుకుంటారు. వార్డు మూసే ప్రసక్తి లేదు, నొప్పులు పడుతున్న మనిషి ఎక్కడికీ పోనక్కర్లేదు. ఈ చివరి మాట వీరరాఘవయ్య వైపు చూసి అన్నారు.

వీరరాఘవయ్య తల దించుకున్నాడు. నర్సు తప్పేమీ లేదని రాసిస్తానని గొణిగాడు. అని, వరసగా మూడు తుమ్ములు తుమ్మాడు. ప్రేమకుమారి లేచి వెళ్ళి ఆయన నుదుటి మీద చెయ్యి వేసింది.

"మీకు జ్వరం కాలిపోతోందండి. పొద్దుట్నించీ ఉన్నట్టుంది. పదండి, మంచం వేయిస్తా," అంది. సాయంత్రం తనను ఇంటికి పంపించబోయిన మనిషని ఆ గొంతులో ఎక్కడా లేదు. ఆయన మొహానికి గుడ్డ కట్టించుకుని, అరుగు మీద కూర్చుండిపోయాడు.

కేసు తేలిపోయింది, ఇంక హోటలుకి పోవచ్చని నేను చెప్పులు వేసుకుంటున్నాను. ప్రసాద్ మాత్రం కదలలేదు. జ్వరంతో పొద్దుట్నించీ ఎక్కడెక్కడ తిరిగారని ఇన్‌స్పెక్టరుని అడిగాడు.

"పొద్దున్నే మొదటి బస్సుకి జగ్గయ్యపేట వెళ్ళొచ్చా," అన్నాడాయన నీరసంగా. "అక్కడి పురుటాస్పత్రికి."

"అక్కడ జ్వరాలున్నాయా?"

"లేవు. ఒక్కటీ లేదు. రాకుండా ఉండాలని నేనే జాగ్రత్త చెప్పొచ్చా." ఆయన గొంతు సన్నబడింది. "నెల నిండిన ఆడవాళ్ళు చాలామంది ఉన్నారు. అందరికీ గొంగళి చాలదని బండి మీద కప్పే టార్పాలిన్ తెప్పించా. ఎలా పట్టాలో తెలీదన్నారు. నేనే మధ్యలో కూర్చుని చూపించా. మళ్ళీ దీపాలు పెట్టేవేళ అందరూ కలిసి పట్టమని చెప్పా."

బయట ఎండ అప్పుడే పసుపుపచ్చగా మారుతోంది. జ్ఞానయ్యగారు ఆస్పత్రి జీపు తియ్యమని డ్రైవరుని కేకేసి, వార్డులో నొప్పులు పడుతున్న మనిషిని తను చూసుకుంటానన్నారు. ప్రసాద్ పరుగెత్తాడు, వెనకాల నేనూ పరుగెత్తాను. మేము వెళ్ళేసరికే ప్రేమకుమారి ఉడకబెట్టిన ముక్కుగుడ్డల బుట్ట ఒళ్ళో పెట్టుకుని జీపు ముందు సీట్లో కూర్చుని ఉంది.

"ఎక్కండి సార్," అంది. "అక్కడ వాళ్ళకింకా తెలీదు."